ఫామగుస్తాకి ఒక కవరు: సైప్రస్‌లో గ్రీన్ లైన్ దాటిన నా అనుభవం

2024 జూన్ మొదటి వారంలో గుంటూరులో పోస్టు చేసిన కవరు ఆగస్టు ఆఖరుకి మళ్లీ గుంటూరుకే వచ్చింది. అందులో మా పిన్ని కొడుకు మార్కుల లిస్టులు, ట్రాన్స్‌క్రిప్టులు ఉన్నాయి. కవరు మీద వాడి పేరు, కాలేజీ పేరు, కింద "ఫామగుస్తా, సైప్రస్" అని రాసుంది. పొరపాటు ఆ చివరి మాటలోనే జరిగింది. ద్వీపం ఉత్తర భాగానికి పోస్టు చేరాలంటే చిరునామా చివర "మెర్సిన్ 10, టర్కీ" అని రాయాలి. మెర్సిన్ టర్కీ దక్షిణ తీరంలోని ఊరు. పక్కనున్న పది అంకె ఉత్తర సైప్రస్‌కి గుర్తు. టర్కీ తప్ప ఏ దేశమూ దాన్ని దేశంగా గుర్తించలేదు కాబట్టి ఉత్తరానికి ఉత్తరం వెళ్లాలంటే టర్కీ మీదుగా పోవాల్సిందే. ఒట్టి "సైప్రస్" అని రాస్తే అది దక్షిణానికి చేరుతుంది. ద్వీపాన్ని ఉత్తరం, దక్షిణంగా చీల్చిన గీతే గ్రీన్ లైన్. దక్షిణం పోస్ట్‌మన్ ఆ గీత దాటి వెళ్లడు.

రెండోసారి పిన్ని ఆ కవరును దక్షిణాన లిమసోల్‌లో ఉన్న నాకు పంపింది. అక్టోబర్ 9న చేతికొచ్చింది. లిమసోల్ నుంచి ఫామగుస్తాకి కారులో గంటన్నర దారి. వాడే వచ్చి తీసుకోవచ్చు కదా అని పిన్ని అడిగింది. వాడు రాలేడు. నేను వెళ్లగలను. ఇక్కడ ఉన్న మెలిక అంతా ఇదే.

ఈ ద్వీపంలో మనం మొదట ఎక్కడ దిగామన్నదే అన్నిటినీ తేలుస్తుంది. నేను లార్నకా విమానాశ్రయంలో దిగాను. దక్షిణాన్ని పాలించే సైప్రస్ రిపబ్లిక్ లెక్కలో లార్నకా, పాఫోస్ విమానాశ్రయాలు, దక్షిణాన ఉన్న ఓడరేవులే చట్టబద్ధమైన ప్రవేశ ద్వారాలు. మా తమ్ముడు ఇస్తాంబుల్‌లో విమానం మారి ఉత్తరాన ఎర్జాన్‌లో దిగాడు. ఉత్తరం వాళ్ల దృష్టిలో అది సక్రమమే. రిపబ్లిక్ దృష్టిలో మాత్రం దేశంలోకి దొడ్డిదారిన వచ్చినట్టు. అందుకని మన పాస్‌పోర్టుతో ఎర్జాన్‌లో దిగినవాళ్లు దక్షిణం వైపుకి నడిచొస్తే పోలీసులు వెనక్కి పంపేస్తారు. నాలాగా దక్షిణాన దిగి సరైన కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు మాత్రం ఉత్తరానికి వెళ్లి రావచ్చు.

"యూరప్‌లో చదువు" అన్న ప్రకటన చూసి పిల్లల్ని పంపేవాళ్లు కాలేజీ చిరునామా ఒక్కసారి చదవండి. చివర మెర్సిన్ 10 అని ఉంటే అది ఉత్తరం. కాగితం మీద ద్వీపం మొత్తం 2004 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది. కానీ ఉత్తరాన ఆ చట్టాల అమలును పక్కన పెట్టారు. అక్కడి పర్మిట్‌తో యూరప్ మాట అటుంచండి, పక్క వీధిలోకి కూడా వెళ్లలేరు. మన హైకమిషన్ ఉన్నది నికోసియా దక్షిణ భాగంలో. ఉత్తరాన మనకి ఆఫీసు లేదు. పాస్‌పోర్టు అక్కడ పోతే గీత దాటి హైకమిషన్‌కి రావాలి, గీత దాటాలంటేనేమో పాస్‌పోర్టు కావాలి.

నా సంగతి కొస్తే, కవరు రాకముందు కూడా వెళ్దామనుకుని ఆగాను. రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేసిన రసీదు మాత్రమే ఉన్న రోజుల్లో దాటొద్దని మా ఆఫీసు లాయరు గట్టిగా చెప్పింది. పర్మిట్‌ని ఇక్కడ అందరూ పింక్ స్లిప్ అనే అంటారు, ఇప్పుడది కార్డు రూపంలో వస్తున్నా సరే. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపకపోవచ్చు, సమస్య తిరిగొచ్చేటప్పుడే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది కౌంటర్‌లో కూర్చున్న పోలీసు చూస్తాడు. రసీదు చూపించి ఆయనకి కథంతా చెప్పుకోవడం కంటే కార్డు వచ్చేదాకా ఆగడం మేలు. నా కార్డు సెప్టెంబర్‌లో వచ్చింది. శరణార్థిగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకైతే అసలు దాటే వీలే లేదు.

అక్టోబర్ 19, శనివారం. లిమసోల్ నుంచి నికోసియాకి ఇంటర్‌సిటీ బస్సు, పోనూ రానూ పది యూరోల లోపే. గంటా పది నిమిషాల్లో సోలోమోస్ స్క్వేర్‌లో దింపింది. అక్కడి నుంచి లెద్రా వీధి వెంట ఉత్తరం వైపు పది నిమిషాలు నడిస్తే చెక్‌పాయింట్ వస్తుంది. బట్టల కొట్లు, ఐస్‌క్రీం బండ్లు, కాఫీ కుర్చీలు దాటుకుంటూ పోతే వీధి మధ్యలోనే పోలీసు గది కనిపిస్తుంది. సుల్తాన్‌బజార్‌లో నడుస్తుంటే మధ్యలో పాస్‌పోర్టు అడిగినట్టుంటుంది. ఈ దారి 2008 ఏప్రిల్ 3న తెరిచారు. అంతకు ముందు ఇక్కడ గోడ ఉండేది. మొత్తం గీత మీద మొదటి దారి తెరిచింది 2003 ఏప్రిల్ 23న, లెద్రా ప్యాలెస్ హోటల్ దగ్గర. ఇప్పుడు తొమ్మిది దారులున్నాయి. లెద్రా వీధి, లెద్రా ప్యాలెస్ నడిచేవాళ్లకి, మిగతావి వాహనాలకి.

మాట విషయంలో జాగ్రత్త. దక్షిణాన "బోర్డర్" అనకండి. వాళ్లకది సరిహద్దు కాదు, తమ దేశంలోనే టర్కీ సైన్యం ఆక్రమించుకున్న భాగానికి వెళ్లే దారి. గ్రీకులో చెక్‌పాయింట్‌ని ఓదోఫ్రాగ్మా అంటారు, అంటే దారికి అడ్డుగా కట్టిన కట్ట. అటువైపు టర్కిష్‌లో దాన్నే కపీ అంటారు, అంటే తలుపు. ఉన్నది ఒకే దారి, పేర్లు మాత్రం ఇలా ఉన్నాయి. సరిహద్దు కాదు కాబట్టే రిపబ్లిక్ వాళ్లు పాస్‌పోర్టులో ఎగ్జిట్ స్టాంపు వెయ్యరు. నా కార్డు, పాస్‌పోర్టు రెండూ చూసి తలూపారు. అర నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత బఫర్ జోన్, అంటే రెండు వైపుల మధ్య ఐక్యరాజ్య సమితి సేన కాపలా కాసే పట్టీ. ఇక్కడ అది డెబ్బై ఎనభై అడుగులు వేస్తే అయిపోతుంది. రెండు పక్కలా తలుపులు మూసేసిన కొట్లు, కిటికీల్లో ఇసుక బస్తాలు, కుండీల్లో మొక్కలు. ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, ఆ మాట వినండి. గీత మొత్తం పొడవు 180 కిలోమీటర్లు. నికోసియా పాతబస్తీలో కొన్నిచోట్ల నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేదు, మరోచోట ఏడు కిలోమీటర్లు దాటుతుంది. 1963 డిసెంబర్ ఆఖర్లో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల గొడవల మధ్య ఒక బ్రిటిష్ జనరల్ ఆకుపచ్చ పెన్సిల్‌తో నికోసియా మ్యాప్ మీద గీసిన గీతతో ఇది మొదలైంది, పేరు అలా వచ్చిందే. 1974 జులై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో ఇక్కడి ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది, 20న టర్కీ సైన్యం దిగింది. ఆగస్టు 16న కాల్పులు ఆగేసరికి ద్వీపంలో మూడో వంతుకి పైగా దాని చేతిలో ఉంది. ఆ రోజు ఎవరెక్కడ నిలబడ్డారో గీత అక్కడే ఉండిపోయింది.

ఐక్యరాజ్య సమితి సేన ఇక్కడ 1964 మార్చి నుంచి ఉంది. దానికి సారథ్యం వహించిన మనవాళ్లు ముగ్గురు: జ్ఞాని, తిమ్మయ్య, ప్రేమ్‌చంద్. జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబర్ 18న నికోసియాలోనే గుండెపోటుతో పోయారు. లార్నకాలో ఆయన పేరు మీద పెద్ద రోడ్డుంది. గ్రీకు అక్షరాల్లో "తిమాయియా" అని ఉంటే మొదట్లో ఎవరో గ్రీకు వీరుడనుకున్నాను.

ఉత్తరం వైపు గదిలో పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కించుకున్నారు. ఒకప్పుడు విడి కాగితం మీద స్టాంపు వేసి ఇచ్చేవాళ్లట. నాకు కాగితమూ ఇవ్వలేదు, పాస్‌పోర్టు మీదా ఏమీ పడలేదు. ఎన్ని రోజులని అడిగితే సాయంత్రం వచ్చేస్తానన్నాను. క్యూతో కలిపి నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. ముందు ఒక టూరిస్టు బృందం లేకపోతే ఐదు నిమిషాల్లో అయిపోయేది. కవరులో ఏముందని ఎవరూ అడగలేదు. రెండు నెలల పైన తిరిగి తిరిగి వెనక్కొచ్చిన కవరు అంత తేలిగ్గా దాటిపోయేసరికి సంతోషమేసింది, ఆ వెంటనే కాస్త కోపమూ వచ్చింది.

ఫోన్ సంగతి ఇక్కడ చెప్పాలి. గీత దాటగానే దక్షిణం సిమ్‌కి సిగ్నల్ తగ్గి, ఉత్తరాన ఉన్న టర్కీ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. యూరప్ రోమింగ్ ప్యాక్ దీనికి వర్తించదు. డేటా ఆపేసి, ముందే దించుకున్న మ్యాప్ వాడాను. మా తమ్ముడి నంబరు టర్కీ కోడ్ +90తో మొదలవుతుంది, నాది +357. ఒకే ద్వీపంలో మేమిద్దరం ఫోన్ చేసుకుంటే ఇంటర్నేషనల్ కాల్.

లోకల్ డబ్బు టర్కిష్ లీరా. ఆ వారం యూరోకి 37 లీరాల దగ్గరుంది. కొట్లలో యూరోలు తీసుకుంటారు కానీ చిల్లర లీరాల్లో ఇస్తారు, రేటు వాళ్లిష్టం. మినీబస్సుకి లీరాలే కావాలి, అందుకని పాతబస్తీలో ఇరవై యూరోలు మార్చాను. పేదరాసి పెద్దమ్మ ఇల్లులా ఉండే బ్యూయుక్ హాన్ దారిలోనే ఉంది. 1572లో కట్టిన సత్రం అది. కాఫీకి అక్కడ ఆగొచ్చు. ప్లగ్గులు మూడు పిన్నులవే, బళ్లు ఎడమ పక్కనే నడుస్తాయి. గీతకి రెండు వైపులా ఇంగ్లిషువాళ్లు వదిలిపోయినవి ఇవి. ఇంకోటి కూడా ఉంది, మురుగు. నికోసియా రెండు భాగాల డ్రైనేజీ ఒక్కటే. 1978లో రెండు వైపుల మేయర్లు దెమెత్రియాదిస్, అకింజీ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. దేశాధ్యక్షుల వల్ల కానిది మురుగు కాలవ దగ్గర కుదిరింది.

నికోసియా నుంచి ఫామగుస్తా అరవై కిలోమీటర్లు, మినీబస్సులో గంట. నాలుగు యూరోల లోపే అయింది. బస్సు నిండితేనే కదులుతుందన్న సంగతి తెలియక ముప్పావు గంట ఎండలో కూర్చున్నాను. బోర్డుల మీద ఫామగుస్తా అని ఉండదు, "గాజిమాగుసా" అని వెతుక్కోవాలి. నికోసియా లెఫ్కోషా అవుతుంది, కిరేనియా గిర్నే అవుతుంది. పాత మ్యాప్ పేర్లతో అడిగితే కుర్రాళ్లు తెల్లమొహం వేస్తారు.

తమ్ముడు బస్టాండుకి వచ్చాడు. కవరు విప్పి ఒక్కో కాగితం లెక్కపెట్టుకున్నాడు. తర్వాత "అన్నయ్యా, మీ వైపు సముద్రం ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఇదే సముద్రం రా అన్నాను. లెద్రా చెక్‌పాయింట్ దాకా వెళ్లి తలుపు చూసి వచ్చాడట, రెండుసార్లు.

చీకటి పడే వేళకి తిరుగు దారి. ఉత్తరం వాళ్లు పాస్‌పోర్టు నంబరు కొట్టి పంపేశారు. అసలు తనిఖీ దక్షిణం గదిలో జరుగుతుంది. కార్డు ముందూ వెనకా చూశారు, మొదట ఏ ఎయిర్‌పోర్టులో దిగావని అడిగారు, లార్నకా ఎంట్రీ స్టాంపు ఉన్న పేజీ తీసి చూపించాను. ఆ పేజీకి ముందే చిన్న చీటీ పెట్టుకోండి, వెనక క్యూలో వాళ్లు విసుక్కోరు. తర్వాత కస్టమ్స్ వాళ్లు సంచి చూస్తారు. సిగరెట్లు 40, మద్యం ఒక లీటరు, మిగతా సరుకు 260 యూరోల విలువ దాకా తెచ్చుకోవచ్చు. మాంసం, పాలతో చేసినవి తేకూడదు. నా ముందున్నావిడ సంచిలోంచి జున్నులాంటి హెల్లిమ్ తీసేయించారు. అదే పదార్థాన్ని ఇటువైపు హలూమి అంటారు, పది అడుగుల దూరంలో కొట్లో అమ్ముతున్నారు. ఉత్తరాన బజారు నిండా దొరికే నకిలీ బ్రాండు బూట్లు, బ్యాగులు కూడా పట్టుకుంటారు.

రెండో ప్రయాణం నవంబర్ 9న, కారులో. మా ఆవిడ వరోషా చూడాలంది. ఆవిడకి విడిగా కార్డు ఉండాలి, నా కార్డు మీద రానివ్వరు. అద్దె కారైతే ఆశ వదులుకోండి. దక్షిణాన అద్దెకిచ్చే చాలా కంపెనీలు అటు తీసుకెళ్లనివ్వవు, ఒప్పుకున్నా మన బీమా అటు చెల్లదు. సొంత కారుకి కూడా అంతే. నికోసియా శివార్లలో ఆయియోస్ దొమేతియోస్ దారి ఉంది, అటువైపు దాని పేరు మెతెహాన్. అది దాటగానే బీమా గది కనిపిస్తుంది. కారు రిజిస్ట్రేషన్ కాగితం, లైసెన్సు, నగదు ఇస్తే మూడు రోజులకి రాసిచ్చారు. ఇరవై, ఇరవై ఐదు యూరోల మధ్య అయింది. ఒక్కరోజు పాలసీ అడిగితే లేదన్నారు. ఇది థర్డ్ పార్టీ మాత్రమే. ఎదుటివాడి బండికి దెబ్బ తగిలితే వాళ్లిస్తారు, మన బండికి తగిలితే మన జేబులోంచే. దక్షిణాన జీతంలో కోసే ఆరోగ్య బీమా కూడా అటు పనిచెయ్యదు.

వరోషా ఫామగుస్తా దక్షిణపు అంచు. 1974 దాకా పెద్ద పెద్ద హోటళ్లున్న బీచ్ పేట. గ్రీకు సైప్రియట్లు వదిలి పారిపోయాక సైన్యం కంచె వేసింది. భద్రతా మండలి 1984లో 550వ తీర్మానంలో ఆ పేటని ఐక్యరాజ్య సమితి చేతికి అప్పగించమంది, అది జరగలేదు. 2020 అక్టోబర్‌లో ఉత్తరం వాళ్లు కొన్ని వీధులు తెరిచారు. టికెట్ లేదు, సైకిళ్లు అద్దెకిస్తారు. తారు కొత్తగా వేశారు, ఇళ్లు మాత్రం కూలుతున్నాయి. తాళ్లు కట్టిన గీత దాటితే కాపలావాళ్లు విజిల్ వేస్తారు. టోపీ, నీళ్లు తప్పనిసరి, నీడ లేదు. ఒక ఇంటి వరండాలో చెట్టు కప్పు చీల్చుకుని పైకి పెరిగింది. మా ఆవిడ ఫొటో తీయబోయి ఆగింది. ఆ ఇంటివాళ్లు బతికే ఉంటారు కదా అంది.

ఉత్తరాన సముద్రం కనిపించే ఫ్లాట్లు చవగ్గా వస్తాయన్న ప్రకటనలు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. స్థలమంటే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి కాబట్టి చెబుతున్నాను. మన దగ్గర ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు చూసి కొంటాం. ఇక్కడ పట్టాలే రకరకాలు. 1974కి ముందే టర్కిష్ సైప్రియట్ల పేరున ఉన్నది ఒకటి. దక్షిణాన పొలం వదిలి వచ్చినవాడికి బదులుగా ఇచ్చిన "ఎష్‌దేయర్" ఇంకొకటి. ఊరికే కేటాయించినది "తహ్‌సీస్". చివరి రెంటిలో నేల చాలాచోట్ల గ్రీకు సైప్రియట్లది. దాన్ని కొన్న ఇంగ్లండ్ దంపతుల మీద దక్షిణపు కోర్టు ఇచ్చిన తీర్పు ఇంగ్లండ్‌లోనూ అమలు చెయ్యాల్సిందేనని 2009లో యూరోపియన్ కోర్టు తేల్చింది. అమ్మినవాళ్లని రిపబ్లిక్ పోలీసులు అరెస్టు చేసిన కేసులూ ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆయియోస్ దొమేతియోస్ దగ్గర యాభై ఐదు నిమిషాలు క్యూలో ఉన్నాం. శనివారం సాయంత్రం కావడమే తప్పు. దక్షిణం వాళ్లు చవక పెట్రోలు కోసం ట్యాంకు నింపుకోవడానికి అటు వెళ్తారు, అందరూ ఒకేసారి వెనక్కి మళ్లుతారు. పోలీసు డిక్కీ తెరిపించి, మిఠాయి డబ్బా ఒక్కటే ఉంటే వెళ్లమన్నాడు.

మర్నాడు మామూలుగానే లిమసోల్ పక్కన లేడీస్ మైల్ బీచ్‌కి వెళ్లాం. ఇసుకలో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఈ నేల అక్రోతిరి సైనిక స్థావరం కిందది, సైప్రస్ కాదు, బ్రిటన్‌ది. 1960 ఆగస్టు 16న స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు బ్రిటన్ రెండు చోట్ల కలిపి 254 చదరపు కిలోమీటర్లు తన దగ్గరే ఉంచుకుంది. ఇక్కడ గది లేదు, పోలీసు లేడు, ఆఖరికి ఖర్చు పెట్టేది కూడా యూరోనే. ఏడాదిగా ప్రతి ఆదివారం ఇంకో దేశపు నేల మీదికి వెళ్లొస్తున్నాం, ఒక్కరూ కాగితం అడగలేదు.

నవంబర్ ఆఖర్లో మా ఆవిడ ఫోన్ బిల్లు 31 యూరోలు ఎక్కువొచ్చింది. అటు వెళ్లినంతసేపూ డేటా ఆపే ఉంచింది. కంపెనీకి ఫోన్ చేస్తే తారీఖు, టైము చదివి వినిపించారు. అది నవంబర్ 9 కాదు, అంతకు వారం ముందుది. లెద్రా వీధిలో, ఇటువైపే, చెక్‌పాయింట్ పక్కన కాఫీ కొట్లో కూర్చుని వాళ్లమ్మతో వీడియో కాల్ మాట్లాడింది. ఫోన్ అప్పటికే గీత దాటేసి అటువైపు టవర్ పట్టుకుంది. పాతబస్తీలో ఉన్నంతసేపూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చుకోండి.